పది ఇళ్ల పెద్ద, తబోరా మనిషి

దార్ పట్నంలోని బుగురునిలో రైలు పట్టాలకు ఇవతల, మసీదు సందులో, తగాదాలు తీరుస్తూ పది ఇళ్లకు పెద్దగా ఉండిన వడ్రంగి ముసలాయన కొబ్బరితోట చూసుకోవాలంటూ సొంతూరు వెళ్లిపోయాడు. ఇంకొకరిని ఎన్నుకోవడానికి జనం మసీదు అరుగు మీద చేరారు. మగవాళ్లు ఒకరినొకరు పొగుడుకుంటూ, ఆ బరువు ఒకరి మీదకొకరు తోసుకుంటూ మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. సికుధానికి అప్పుడు ముప్పై రెండేళ్లు. పొయ్యి మీద తోటకూర వదిలేసి వచ్చింది.

"నా కూర మాడిపోతోంది. ఎవరో ఒకరు ఊఁ అనండి. లేకపోతే నా పేరే రాసేసుకోండి," అంది.

రాసేసుకున్నారు. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్లు ఆ పేరు కొట్టేయలేదు.

సికుధాని అంటే ‘అనుకోలేదు’ అని. తల్లికి కాన్పుల వయసు దాటాక పుట్టినందుకు అలా పెట్టారు. పెద్దరికం కూడా అనుకోకుండానే వచ్చిందని సందులో వాళ్లు నవ్వుకునేవాళ్లు. కానీ ఆమె చెప్పిన తీర్పు ఎవరూ దాటలేదు. ఆమె ఇంటి అరుగు మీద ఎలినామి అని కొండసీమ నుంచి వచ్చిన దర్జీ మిషను పెట్టుకుని ఉండేవాడు. ఒకసారి ఎదురింటి తౌసి కోడి అతని గుడ్డముక్కల బుట్ట ఎక్కి కూర్చుంది.

"మూడు రోజులుగా దింపుదామంటే పొడుస్తోందమ్మా. నా బుట్టలో పెట్టిన గుడ్లు నావి కావా?" అన్నాడు దర్జీ.

"అలాగైతే నీ అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పేవాళ్లంతా నీ పిల్లలేనా?" అంది తౌసి.

సికుధాని బుట్టలోకి ఓసారి తొంగి చూసింది. "పొదగనివ్వండి. పిల్లలయ్యాక తల్లి వెంట దిగి పోయినవి తౌసివి. బుట్టలోనే ఉండిపోయినవి ఎలినామివి," అంది.

దర్జీ సంతోషంగా తలూపాడు. ఆ తీర్పులో తనకు మిగిలేదేమిటో అతనికి సాయంత్రానికి గాని అర్థం కాలేదు.

ఆమె భర్త కొండో రైళ్లలో గార్డు. దార్ నుంచి తబోరా దాకా పోయే బండి మీద నాలుగు రోజులు, ఇంట్లో మూడు రోజులు. ఇంట్లో ఉన్న మూడు రోజులూ నడవలో చాప వేసుకుని, వెల్లకిలా పడుకుని, పైకప్పు రేకులు చూస్తూ ఉండేవాడు. అడిగితే పలికేవాడు, అడక్కపోతే లేదు. "మీ ఆయన విజిల్ మింగేశాడా ఏం?" అని తౌసి అడిగేది. సికుధాని పట్టించుకునేది కాదు. మాట్లాడే మగవాళ్లను ఆమె రోజూ తగాదాల్లో చూస్తూనే ఉండేది. ఇంట్లో ఒకడు నోరు మూసుకుని ఉండటం ఆమెకు హాయిగానే ఉండేది. వాళ్లకు సియాజబు అని ఒక్కతే కూతురు.

ఒక ఏడాది కొండో తబోరా తేనె తేవడం మొదలుపెట్టాడు. ప్రతి రైలు గార్డూ ఏదో ఒకటి తెస్తాడు, అందులో వింత లేదు. తర్వాత ఒకనాడు ఉతికిన చొక్కా ఆరేస్తుంటే దాని గుండీ కనబడింది. గుండీకి తాను ఎప్పుడూ దారం నిలువుగా రెండు వరసలు వేస్తుంది. ఇది అడ్డంగా, కత్తెర గుర్తులా కుట్టి ఉంది. చొక్కా ఆరేసింది. రెండు ప్రయాణాలు గడిచేదాకా ఏమీ అనలేదు. మూడోసారి అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఈ గుండీ కుట్టినావిడ పేరేంటి?"

కొండో ముద్ద కిందపెట్టాడు. "న్యామిజి."

"నిఖా అయిందా?"

"అయింది. రెండేళ్లయింది, సియాజబు వాళ్లమ్మా. తబోరాలో."

"సరే. ఆవిడ నా గడప తొక్కకూడదు."

"తొక్కదు."

అంతటితో ఆ ప్రస్తావన అయిపోయింది. ఆమె అరిచిందని గానీ, పుట్టింటికి పోయిందని గానీ సందులో ఎవరూ చెప్పలేరు. తర్వాత ఆ పేరు ఆమె నోట రాలేదు. చెప్పాల్సి వస్తే ‘తబోరా మనిషి’ అనేది. తబోరా వైపు కొబ్బరి కాయదు. కొండో ప్రతి ప్రయాణానికీ గోనెసంచిలో ఆరు కాయలు పట్టుకెళ్లేవాడు. ఎవరికని అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. కాయలు ఏరి ఇచ్చేది మాత్రం ఆమే. చెవి దగ్గర పెట్టుకుని ఊపి, నీళ్లు గలగలలాడేవి ఇంటికి ఉంచి, చప్పుడు లేనివి సంచిలో వేసేది. అది తప్పని ఆమెకు తెలుసు. తెలిసే పదిహేనేళ్లు చేసింది.

తొంభై రెండులో, వానలు వెనకబట్టే రోజుల్లో, కొండో తబోరాలో గుండె ఆగి పోయాడు. మా ఆచారం ప్రకారం పోయిననాడే పూడ్చిపెట్టారు. కబురు తెచ్చింది హతీబు అనే తోటి గార్డు. కొండో కోటు మడిచి చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. సికుధాని అంతా విని, "ఆ పొద్దున ఏం తిన్నాడు?" అని అడిగింది. హతీబుకు తెలియదు.

మొగుడు పోయిన ఆడవాళ్లకు ఉండే గడువు ప్రకారం ఆమె నాలుగు నెలల పది రోజులు తెల్లబట్టలు కట్టుకుని ఇల్లు దాటకుండా కూర్చుంది. సందులో తగాదాలు మాత్రం ఆగలేదు. జనం గుమ్మం బయట నిలబడి చెప్పుకునేవాళ్లు, ఆమె తెర వెనక నుంచి తీర్పు చెప్పేది. గడువు తీరి, మామూలు బట్టలు కట్టిన ఆరో రోజు మధ్యాహ్నం ఒక పొడుగాటి మనిషి రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని, చేతిలో తేనె డబ్బాతో పట్టాలు దాటి వచ్చింది. ‘కొండో ఇల్లెక్కడ?’ అని కనబడిన ప్రతివాళ్లనూ, లోపలి దేశపు యాసలో, పెద్ద గొంతుతో అడిగింది. ఆమె ఇంటి ముందుకు వచ్చేసరికి సందంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. ఎలినామి మిషను ఆపేశాడు.

ఆమె గడప ముందే ఆగి, పెట్టె దించుకుంది.

"అక్కా, నేను న్యామిజిని."

"తెలుస్తూనే ఉంది," అంది సికుధాని లోపలి నుంచి.

"నేను గడప తొక్కకూడదని మీరన్నారట. ఆయన చెప్పాడు. ఇక్కడే కూర్చుంటాలెండి." అని పెట్టె మీద, ఎండలోనే కూర్చుంది.

తౌసి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "సికుధానక్కా, జల్లెడ ఉందా?"

"పొద్దున నా జల్లెడ నువ్వే పట్టుకుపోయావు. పోయి మీ ఇంట్లో వెతుక్కో." తౌసి వెళ్లలేదు. సికుధాని గుమ్మంలోకి వచ్చి కొత్త మనిషిని ఎగాదిగా చూసింది. "ఎందుకొచ్చావు?"

"రైలు క్వార్టర్సు ఖాళీ చేయమన్నారు. మా అన్న దగ్గర గడువు గడిపాను. వదిన పెట్టిన అన్నం కంటే చూసిన చూపులే ఎక్కువ. నాకు పిల్లా జెల్లా లేరు. ఆయనకు ఉన్నవాళ్లే నాకూ ఉన్నవాళ్లనుకుని వచ్చేశా."

"నీకూ నాకూ ఏం చుట్టరికం?"

"సవతిని కదక్కా. అదీ చుట్టరికమే. మధ్యలో మనిషి పోయాడంతే."

ఎవరో కిసుక్కున నవ్వారు. సికుధాని సందు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి చూసింది. పది ఇళ్లూ ఆమె నోటి వంకే చూస్తున్నాయి.

"ఎండలో కూర్చుని నా ఇంటి పరువు తీయకు. లోపలికి రా. చుట్టానికి రెండు రోజులు. మూడో రోజు సంగతి మూడో రోజు చూద్దాం."

రెండు రోజులు చుట్టం, మూడో రోజు చేతికి పార అంటారు మా వైపు. రెండు రోజులూ సికుధాని పెట్టింది, న్యామిజి తింది. మూడో రోజు తెల్లారేసరికి పెరడు ఊడ్చి, నీళ్లు తోడి ఉన్నాయి. సికుధాని అదంతా చూసి, కొబ్బరి కోరే పీట తెచ్చి ఆమె ముందు పడేసింది. ఆమె రోజూ పొద్దున్నే బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపి పొంగడాలు వేసి అమ్మేది. కోరడమే అందులో పెద్ద పని.

"దీని మీద ఎలా కూర్చోవాలక్కా?"

"గాడిదెక్కినట్టు కూర్చో. కొబ్బరి తెలియని దానివా? పదిహేనేళ్లు తిన్నావుగా."

"తిన్నానక్కా. అన్నీ మురిగినవే. కొబ్బరంటేనే ఆ కంపని అనుకున్నా. ఆయన ముఖం చూసి మింగేదాన్ని."

సికుధాని చేతిలో కత్తి ఆగింది. తర్వాత కుప్పలోంచి ఒక కాయ తీసి, ఊపి చూసి పక్కన పెట్టి, ఇంకొకటి తీసి, ఊపి, దాన్ని పగలగొట్టింది. తెల్లటి చెక్క న్యామిజి చేతిలో పెట్టి, "ఇది తిను," అంది. న్యామిజి ఆ చెక్క కొరుక్కుని తింటూ, రెండో చెక్క కోరుతూ వేలు కోసుకుంది. ఆ రోజు పొంగడాల్లో చిప్పముక్కలు వచ్చాయని జనం చాన్నాళ్లు చెప్పుకున్నారు.

మా ఆడవాళ్లు కట్టే గుడ్డల అంచున ఒక మాట అచ్చువేసి ఉంటుంది. నోటితో అనలేనిది కట్టుకుని చెబుతారు. ఆ వారం తౌసి కొత్త గుడ్డ చుట్టుకుని ఆ గుమ్మం ముందు నాలుగుసార్లు తిరిగింది. న్యామిజికి చదువు రాదు. దర్జీని అడిగింది.

"ఏం రాసుందన్నా?"

ఎలినామి గొంతు సవరించుకున్నాడు. "‘వచ్చావు సరే, పోయేదెప్పుడు?’ అని ఉంది."

న్యామిజి పడీపడీ నవ్వింది. "భలే ఉంది! ఏయ్ తౌసక్కా, ఎక్కడ కొన్నావు? ఆ గుడ్డలు జతగా వస్తాయటగా, రెండోది నాకివ్వు. మా వదినకు పంపిస్తా."

తౌసి ఇంట్లోకి వెళ్లి రెండోది తెచ్చి ఇచ్చేసింది. అప్పటినుంచి ఆ ఇద్దరికీ కుదిరింది. ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా కుదరలేదు. కుంపటి ఎక్కడ పెట్టాలి, బట్టలు ఏ తీగ మీద ఆరేయాలి, పెరటి తలుపు ఎవరు వేయాలి, అన్నిటికీ గొడవే. పది ఇళ్ల పెద్దకే తగాదా వస్తే తీర్పు ఎవరు చెప్పాలని దర్జీ అడిగేవాడు. "నువ్వు చెప్పు, గుడ్లు నీకే ఇస్తా," అనేది తౌసి.

అసలు గొడవ ఒక మధ్యాహ్నం టీ దగ్గర వచ్చింది. న్యామిజి తన గ్లాసులో మూడు చెంచాల చక్కెర వేసుకుంటోంది.

"ఆయన చక్కెర ముట్టేవాడు కాదు. నువ్వూ నేర్చుకోలేదే," అంది సికుధాని.

"ఎవరూ? ఆయనా? మూడు చెంచాలు వెయ్యకపోతే గ్లాసు తోసేసేవాడు. నాకు అలవాటు చేసిందే ఆయన."

"మా ఇంట్లో వట్టి టీ తాగాడు. ముప్పై నాలుగేళ్లు."

"ఏమోనక్కా. మా ఇంట్లో టీ తాగినంతసేపూ పాడేవాడు కూడా. ఇరుగుపొరుగు వచ్చి కూర్చునేవాళ్లు. ఆయన నోరు మూయించడం నా వల్ల అయ్యేది కాదు."

"ఎవరు పాడేవాడు?"

"ఆయనే. కొండో."

సికుధాని గ్లాసు కింద పెట్టి లోపలికి పోయింది. ఆ తర్వాత నెల రోజులు ఆమెకు అన్నం సరిగా సహించలేదు. న్యామిజి మీద కోపమా అంటే, అదీ కాదు. తనకు మాట్లాడని మొగుడు దక్కాడా, తానే మాట్లాడనివ్వలేదా అన్నది తేలలేదు. ఎవరి తగాదా అయినా ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి తేల్చేది. ఇక్కడ ఒకడు లేడు. అతనికి చక్కెర కావాలా అని తాను ఎప్పుడైనా అడిగిందా? పెళ్లయిన మొదటి రోజుల్లో ఇంట్లో చక్కెర ఉండేది కాదు. అతను లేకుండానే తాగాడు. తర్వాత చక్కెర వచ్చింది గానీ ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

ఒక రోజు బియ్యం ఏరుతూ ఏరుతూ అడిగింది. "ఏం పాటే అది?"

"నాకు పాడటం రాదక్కా. హతీబుకు వచ్చు. ఆ పాట ఆయనకు నేర్పింది హతీబే. రిటైరై తబోరాలోనే ఉన్నాడు."

సికుధాని మళ్లీ ఎత్తలేదు. ఆ మధ్యలోనే కాఫీ అమ్మే కిబ్వానా, భార్య పోయి ఏడాదైనవాడు, కొత్త టోపీ పెట్టుకుని వచ్చి సికుధాని ముందు కూర్చున్నాడు. న్యామిజిని తనకిమ్మని అడిగాడు. ఇంటికి పెద్ద సికుధానే గనక ఆమెనే అడగాలి మరి.

"సవతికి సంబంధం చూడాల్సి వస్తుందని నేను అనుకోలేదు," అని సికుధాని పెరట్లోకి కేకేసింది. "న్యామిజీ, కిబ్వానా నిన్ను చేసుకుంటానంటున్నాడు. ఏమంటావు?"

"కాఫీ బాగుంటుందని చెప్పండక్కా," అంది న్యామిజి గుడ్డలు పిండుతూ. "ఇంకొకడి బట్టలుతికే ఓపిక నాకు లేదు."

కిబ్వానా ఒక కప్పు కాఫీ ఊరికే పోసి, లేచి వెళ్లాడు.

వచ్చిన ఆరేళ్లకు, ఎండాకాలంలో, సికుధాని తబోరా వెళ్దామంది. సమాధి చూడాలంది. నలభై ఏళ్లు పట్టాల పక్కనే ఉండి, పోయే బండికల్లా కుండల మీద మూతలు అదిరేది వింటూ బతికిన మనిషి, ఆ బండి ఎక్కి మొరొగొరో దాటడం అదే మొదటిసారి. మూడో తరగతిలో కిటికీ దగ్గర కూర్చుంది. స్టేషను వచ్చినప్పుడల్లా న్యామిజి వేలు చూపించేది. ఇక్కడ దిగి కాళ్లు కడుక్కునేవాడు. ఇక్కడ కాల్చిన కోడి కొనేవాడు. ఇక్కడి స్టేషను మాస్టరుతో పడేది కాదు.

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

"రెండుసార్లు గార్డు పెట్టెలో ఎక్కించుకున్నాడు."

"నన్ను ఒక్కసారీ ఎక్కించుకోలేదు."

"మీరడిగారా?"

సికుధాని కిటికీ వైపు తిరిగింది. ఎర్రమట్టి, తుప్పలు, అక్కడక్కడా మేకలు. "లేదు," అంది.

తబోరాలో ప్లాట్‌ఫారం మీదే పదిమంది న్యామిజిని వాటేసుకున్నారు. సికుధానిని చూసి, "ఈవిడేనా దార్ పెద్దావిడ?" అని చేతులు పట్టుకున్నారు. తాను ఎన్నడూ చూడని వాళ్లందరికీ తన పేరు తెలుసు. తాను తీర్చిన తగాదాలు కూడా తెలుసు. కోడి గుడ్ల తీర్పును ఒక ముసలావిడ పొల్లుపోకుండా చెప్పింది. కొండో వచ్చినప్పుడల్లా ఈ కథలే చెప్పేవాడట. వింటున్న సికుధాని నడక కాస్త మెల్లబడింది.

మామిడిచెట్ల వెనక సమాధుల చోట కొండోది చిన్న మట్టి దిబ్బ, తలవైపు ఒక రాయి. ఇద్దరూ గడ్డి పీకారు. దువా చేసుకున్నారు. సికుధాని ఏడవలేదు. అక్కడి నుంచి హతీబు ఇంటికి వెళ్లారు. పళ్లన్నీ ఊడిపోయిన హతీబు ముందు సిగ్గుపడ్డాడు, తర్వాత మంచం కోడు మీద తాళం వేస్తూ పాడాడు. ఎత్తు ఎక్కలేని గూడ్సు బండి ఒకటి కొండను బతిమాలుకుంటుంది. నేను పైకి రాలేను, నువ్వే కిందికి దిగి రా తల్లీ అంటుంది. కొండేమో, నాకు కాళ్లు లేవు, నీకు చక్రాలున్నాయిగా అంటుంది. రైలువాళ్ల పాట.

సికుధానికి నవ్వొచ్చింది. గుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. "ఇదా! ఈ పాట కోసమా నేను నెల రోజులు అన్నం మానుకుంది?"

"ఆయన ఇంతకంటే ఘోరంగా పాడేవాడు," అన్నాడు హతీబు.

"ఇంకోసారి పాడన్నా."

హతీబు మళ్లీ పాడాడు. ఈసారి ఆమె నవ్వలేదు. లేచి వెళ్లి పెరటి గోడ దగ్గర నిలబడి, పాట అయ్యేదాకా అక్కడే ఉంది.

తిరిగొచ్చాక గొడవలు తగ్గాయని చెబితే అబద్ధం. కుంపటి దగ్గర రోజూ ఏదో ఒకటి జరిగేది. కానీ కొండో విషయంలో ఎవరి మాట నిజమా అని ఇద్దరూ వాదించుకోవడం మానేశారు. తర్వాత సికుధాని చూపు మందగించింది. ఆసుపత్రిలో ఆలస్యంగా వచ్చారన్నారు. చివరి మూడేళ్లూ వెలుగూ నీడా తప్ప ఏమీ కనబడేది కాదు. అప్పుడు తగాదాలకు న్యామిజి పక్కన కూర్చునేది. వచ్చినవాడు చెబుతుంటే, "చెవి గోక్కుంటున్నాడక్కా," అని పైకే అనేసేది. "గోక్కోనీ, చెప్పిందే ఇంకోసారి చెప్పమను," అనేది సికుధాని. రెండోసారికి సగం మంది కథ మార్చేవాళ్లు.

రెండువేల ఏడులో, పెద్దవానల్లో, ఒక సాయంత్రం నమాజు చేసుకుని చాప మీద ఒరిగిన సికుధాని మళ్లీ లేవలేదు. కూతురు సియాజబు టాంగాలోని అత్తారింటి నుంచి వచ్చింది. మూడో రోజు ప్రార్థనలయ్యాక పెరట్లో గిన్నెల కుప్ప ముందు కూర్చున్న న్యామిజి దగ్గరికి వెళ్లింది.

"పిన్నీ, ఇల్లు అమ్మేద్దామంటున్నారు మా ఆయన."

"అమ్ముకోమ్మా. నీది."

"మరి నువ్వెక్కడికి పోతావు?"

"తెలియదు. ముందు ఈ గిన్నెలు తోమాలి. ఆ బూడిద ఇటు అందుకో."

సియాజబు బూడిద అందించి, తానూ కూర్చుని తోమింది. ఇల్లు అమ్మలేదు. ఎందుకని ఎవరికీ చెప్పలేదు. తల్లి గదికి తాళం వేసి, తాళంచెవి టాంగా పట్టుకుపోయింది. పది ఇళ్లవాళ్లు ఎలినామిని పెద్దను చేశారు. అతను ప్రతి తగాదాకూ అటూ ఇటూ తలూపి, రెండో ఏడాదే వదిలేశాడు. ఆ తర్వాత ఎవరినీ ఎన్నుకోలేదు. ఎన్నుకోకుండానే జనం న్యామిజి దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టారు.

రంజాను పండగకు సియాజబు వస్తుంది. ఇద్దరూ కలిసి ఆ గది తెరిచి, దుమ్ము దులిపి, పెట్టెలు బయటికి లాగుతారు. ఏ బట్టలు ఎవరికి పంచాలన్న దగ్గర వాదన మొదలవుతుంది. సాయంత్రానికి పెట్టెలు మళ్లీ లోపలికి పోతాయి. ఇప్పటిదాకా ఒక్క గుడ్డ కూడా ఎవరికీ ఇవ్వలేదు.